ఆటలు నాలుగు, ఒళ్లు ఒక్కటే

సంపాదకులు గారికి నమస్కారం.

మారతహళ్లి, బెళ్లందూరు, వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం, బీటీఎం లేఔట్... బెంగళూరులో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఈ ప్రాంతాల్లో హైస్కూలు పిల్లలకు ఆటలు నేర్పే వ్యాయామ ఉపాధ్యాయులం, కోచ్‌లం, వాళ్లకు దెబ్బలు తగిలితే చూసే ఫిజియోథెరపిస్టులం కలిసి రాస్తున్న ఉత్తరమిది. జూన్ వచ్చిందంటే తల్లిదండ్రుల నుంచి ఒకే ప్రశ్న: "మావాడు బ్యాడ్మింటన్, ఫుట్‌బాల్ రెండూ ఆడుతున్నాడు సార్, వారానికి రెండు రోజులు మృదంగం, ఈ ఏడాది ఐఐటీ ఫౌండేషన్ కూడా చేర్పించాం. ఏది మాన్పించమంటారు?" ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో దేన్నీ మాన్పించక్కర్లేదనే చెబుతాం. జిమ్నాస్టిక్స్ లాంటి ఒకటి రెండు ఆటలు తప్ప, పదిహేనేళ్ల దాకా రెండు మూడు ఆటలు కలిపి ఆడటమే ఒంటికి మంచిదని పిల్లల వైద్యులూ అంటున్నారు. కాకపోతే అన్నిటికీ కలిపి లెక్క రాసే మనిషి ఇంట్లో ఒకరుండాలి. చాలా ఇళ్లలో ఆ మనిషే లేరు.

బ్యాడ్మింటన్ కోచ్‌కు తన గంటన్నర తెలుసు. స్కూల్లో పీటీ సార్‌కు తన పీరియడ్ తెలుసు. నాట్యం మాస్టారుకు తన క్లాసు తెలుసు. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో రాత్రి ఎనిమిదింటికి టెన్నిస్ బంతితో ఆడే క్రికెట్ సంగతి వీళ్లెవరికీ తెలియదు, పిల్లలు దాన్ని ఆట కింద లెక్కే వేయరు. ఎవరి మటుకు వాళ్లు సరిగ్గానే నేర్పుతున్నా, మోకాలి నొప్పితో పిల్లలు మా దగ్గరికి వస్తున్నది ఇందుకే.

లెక్క రాయడానికి ఖరీదైన వాచీలు అక్కర్లేదు, రూళ్ల నోటుబుక్కు చాలు. ఆట ముగిసిన అరగంటకు పిల్లవాణ్ని ఒక్క మాట అడగాలి: సున్నా నుంచి పది దాకా ఎంత కష్టంగా అనిపించింది? ఆ అంకెను ఆడిన నిమిషాలతో గుణించాలి. అరవై నిమిషాలు ఆడి ఆరు అన్నాడంటే 360, అదే ఆరోజు ఆట భారం. ఆట అవ్వగానే అడిగితే చివర్లో కోచ్ పరిగెత్తించిన పది నిమిషాలే గుర్తుండి ఎనిమిది, తొమ్మిది అనేస్తారు, అందుకే అరగంట ఆగమనేది. కోచ్ ఎదురుగా అడిగితే ధీమా కోసం తగ్గించి చెబుతారు, అదీ వద్దు.

తొమ్మిదో తరగతి అమ్మాయి, 14 ఏళ్లు అనుకుందాం. వారానికి మూడు రోజులు గంటన్నర చొప్పున బ్యాడ్మింటన్, కష్టం 6. అది 1,620. రెండు రోజులు గంట చొప్పున ఫుట్‌బాల్, కష్టం 7. అది 840. రెండు రోజులు గంట చొప్పున కూచిపూడి, కష్టం 5. అది 600. మొత్తం 3,060. ఇలా నెలల తరబడి హాయిగా సాగుతుంది. ఆగస్టులో అంతర పాఠశాలల పోటీలొస్తాయి. స్కూల్లో సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ గంటంబావు ఫుట్‌బాల్ పెడతారు. ఫుట్‌బాల్ ఒక్కటే 2,625 అవుతుంది. బ్యాడ్మింటన్‌కు డబ్బు కట్టేశాం కదా అని అదీ ఆపరు, నాట్యం మాస్టారు ఏమనుకుంటారో అని అదీ ఆపరు. మొత్తం 4,845. ఒక్క వారంలో భారం సగానికి పైగా పెరిగిపోయింది. వారానికి ఎన్నేళ్ల వయసో అన్ని గంటలకు మించి శిక్షణ వద్దని పిల్లల క్రీడావైద్యంలో ఒక మాట ఉంది. ఆ కొలతతో చూస్తే ఈ అమ్మాయి ఆడింది పన్నెండు ముప్పావు గంటలే, తప్పేమీ కనిపించదు. గంటలతో పాటు కష్టాన్నీ కలిపి చూస్తేనే దొరికే తప్పు ఇది.

ఆ వారం ఏం చేయాలి? బ్యాడ్మింటన్ ఒక్క రోజు, ఒక్క గంట, షాట్లు సరిచేసుకునేంత నెమ్మదిగా, కష్టం 4 దాటకుండా. అది 240. కూచిపూడి రెండు రోజులూ వెళ్లొచ్చు, కానీ కూర్చుని: జతులు తాళం వేసుకుంటూ చెప్పుకోవడం, ముద్రలు, అభినయం. ముప్పావు గంట చొప్పున, కష్టం 2. అది 180. ఫుట్‌బాల్‌తో కలిపితే 3,045. అలవాటైన భారమే. ఏ క్లాసూ పూర్తిగా మానలేదు, ఏ మాస్టారూ నొచ్చుకోలేదు. గత నాలుగు వారాల సగటు మీద పదిహేను, మహా అయితే ఇరవై శాతం మించి పెరగకుండా చూసుకోమంటాం. అదేమీ శిలాశాసనం కాదు. కానీ సగానికి సగం పెరిగిన వారం తర్వాత రెండు మూడు వారాల్లో ఎక్కడో ఒకచోట నొప్పి మొదలవడం మామూలే.

మొత్తం భారం ఎంతో తెలిశాక అది ఒంట్లో ఏ భాగం మీద పడుతోందో కూడా చూడాలి. మా అనుభవంలో తల్లిదండ్రులు అసలు అడగనిది ఇదే. బ్యాడ్మింటన్, ఈత, క్రికెట్ బౌలింగ్, వాలీబాల్ పేరుకు నాలుగు ఆటలు. నాలుగింటిలోనూ చెయ్యి తలపైకి లేస్తుంది, భుజానికి నాలుగూ ఒకటే. సోమవారం బ్యాడ్మింటన్ ఆడి మంగళవారం ఈతకు పంపి భుజానికి విశ్రాంతి దొరికిందనుకుంటే పొరపాటు. బాస్కెట్‌బాల్, వాలీబాల్, కూచిపూడి మోకాలి చిప్ప కింద స్నాయువును (కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే పట్టీని) లాగుతాయి. నాట్యంలో అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకు వంచి, నిలబడటం, బాస్కెట్‌బాల్‌లో దూకి దిగడం, రెండూ మోకాలికి పరీక్షే. మృదంగం, తబలా వాయించేవాళ్లు బ్యాడ్మింటన్ కూడా ఆడితే మణికట్టు జాగ్రత్త. ఫాస్ట్ బౌలింగ్, టెన్నిస్ సర్వీసు, ఈతలో బటర్‌ఫ్లై మూడూ నడుమును వెనక్కి వంచేవే, ఈ మూడింట్లో రెండు ఒకే పిల్లవాడికి వద్దు. బ్యాడ్మింటన్‌తో ఫుట్‌బాల్ బాగా పొసగుతుంది. పరుగుతో ఈత, క్రికెట్ బ్యాటింగ్‌తో టేబుల్ టెన్నిస్ కూడా అంతే. చదరంగాన్ని దేనితోనైనా కలపొచ్చు, మెడకు మాత్రం ఓ పది నిమిషాల వ్యాయామం చెప్పండి.

ఆడే నేల సంగతి కూడా. కొత్త అపార్ట్‌మెంట్లలో బాస్కెట్‌బాల్ కోర్టు సాధారణంగా పార్కింగ్ పైకప్పు మీదే ఉంటుంది. కాంక్రీటు మీద పలచటి పూత, అంతే. అక్కడ రోజూ గంట ఎగిరితే చెక్క నేల మీద గంటతో సమానం కాదు. ఆ కోర్టును షూటింగ్‌కు, డ్రిబ్లింగ్‌కు వాడుకుని, దూకే అభ్యాసం వేరే చోట పెట్టుకోవడం మేలు. బూట్లలో కూడా పొదుపు వద్దు. పరిగెత్తే బూట్లకు మడమ ఎత్తుగా, మెత్తగా ఉంటుంది, వాటితో బ్యాడ్మింటన్ కోర్టులో పక్కకు కదిలితే చీలమండ మెలిక పడుతుంది. నేల మీద మరకలు పడనివ్వని నాన్ మార్కింగ్ బూట్లు కోర్టుకే, బయట రోడ్డు మీద వేసుకు తిరిగితే రెండు నెలల్లో పట్టు పోతుంది.

ఎత్తు పెరిగే ఏడాది మరింత జాగ్రత్త. ఆడపిల్లలు ఇంచుమించు పన్నెండేళ్లకు, మగపిల్లలు పద్నాలుగేళ్లకు అన్నిటికన్నా వేగంగా పెరుగుతారు. తలుపు చట్రం మీద నెలకోసారి గీత పెట్టండి. మూడు నెలల్లో రెండు సెంటీమీటర్లు దాటిందంటే ఆ దశ వచ్చినట్టే. ఎముక ముందు పొడుగవుతుంది, కండరం వెనకబడి బిగుసుకుంటుంది, అది అతుక్కున్న చోట ఇంకా గట్టిపడని ఎముకను లాగుతుంది. మోకాలి చిప్పకు రెండంగుళాలు కింద చిన్న బుడిపె, బొటనవేలితో నొక్కితే నొప్పి: అది ఆస్‌గుడ్ ష్లాటర్. ఇంకాస్త చిన్న పిల్లల్లో మడమను రెండు పక్కల నుంచి పట్టి నొక్కితే నొప్పి: అది సివర్స్. ఈ రెండూ కాల్షియం తక్కువై వచ్చేవి కావు, మాత్రలతో పోవు. నొప్పి స్ప్రే కొట్టి మ్యాచ్ ఆడించడం మరీ అన్యాయం. దూకడం, స్ప్రింట్లు సగానికి తగ్గించి, ఆట అయ్యాక గుడ్డలో చుట్టిన ఐసు పది పదిహేను నిమిషాలు పెట్టి, తొడ కండరాలకు సాగదీసే, బలం పెంచే వ్యాయామాలు రోజూ చేయిస్తే చాలామందికి వారాల్లో, కొందరికి నెలల్లో తగ్గుతుంది. ఆట పూర్తిగా ఆపాల్సిన అవసరం అరుదు.

ఎప్పుడు ఆపాలి? మేం వాడే కొలమానం ఇది. నొప్పి పదిలో మూడు దాటకుండా, నడక మారకుండా, మర్నాటి పొద్దుటికల్లా పోతే ఆడొచ్చు. ఈ మూడింట్లో ఏ ఒక్కటి తప్పినా ఆరోజు ఆట లేదు. కుంటుతూ "ఏం లేదు సార్" అనే పిల్లవాణ్ని నమ్మకండి, మెట్లు దిగమని చూడండి.

ఫాస్ట్ బౌలర్ల విషయం విడిగా చెప్పాలి. పద్నాలుగు, పదిహేనేళ్ల కుర్రాళ్లకు ఒక స్పెల్‌కు (ఒక విడతకు) 6 ఓవర్లు, రోజుకు 12 ఓవర్లు మించకూడదని ఇంగ్లండ్ క్రికెట్ బోర్డు ఏళ్ల తరబడి పాటించిన పరిమితి. ఇక్కడ కుర్రాళ్లు మ్యాచ్‌లో ఆ పరిమితి దాటరు, నెట్స్‌లోనే దాటేస్తారు. పొద్దున అకాడమీ నెట్స్, మధ్యాహ్నం స్కూలు నెట్స్, రాత్రి బేస్‌మెంట్. అందుకే ఓవర్లు కాకుండా బంతులు లెక్కపెట్టి నోటుబుక్కులో రాయాలి, టెన్నిస్ బంతి వేసినవీ కలపాలి. యాక్షన్ అదే కదా, నడుముకు బంతి బరువుతో పనిలేదు. కుడిచేత్తో వేసే కుర్రాడికి నడుము ఎడమ పక్క నొప్పి వచ్చి, ఒంటికాలి మీద నిలబడి వెనక్కి వంగితే పెరిగితే వెంటనే బౌలింగ్ ఆపి క్రీడా వైద్యుడికి చూపించాలి. వెన్నుపూసలో సన్నటి చీలిక కావచ్చు. మొదట్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు కూడా, "ఎక్స్‌రే బాగానే ఉంది" అని మర్నాడే నెట్స్‌కు పంపేవాళ్ల కోసం ఈ మాట.

ఇక కాలం లెక్క. వారానికి 168 గంటలు. నిద్ర 60, బస్సుతో కలిపి స్కూలు 48, తిండి, స్నానం వగైరా 18, హోంవర్క్ 14. మిగిలేది 28. ఫౌండేషన్ క్లాసు 8 గంటలు తింటుంది. ఆటలకూ పాటలకూ తిరిగే ప్రయాణం తక్కువలో తక్కువ 6. ఆదివారం ఒక పూట ఇంటివాళ్లతో, ఊరికే ఉండటానికి 5. మిగిలింది 9 గంటలు. ఎన్ని ఆటలైనా ఈ తొమ్మిదిలోనే ఇమడాలి. ఇమడకపోతే చాలా ఇళ్లలో కోసేది నిద్రను. మా మాట వింటే ప్రయాణాన్ని కోయండి. సాయంత్రం ఆరింటికి ఔటర్ రింగ్ రోడ్డు మీద ఏడు కిలోమీటర్లకు గంట పట్టడం వింతేమీ కాదు. పని రోజుల్లో ఆడే ఆట ఇంటికి రెండు మూడు కిలోమీటర్ల లోపు ఉండాలి, కోచ్ కాస్త తక్కువవాడైనా ఫరవాలేదు. వైట్‌ఫీల్డ్ నుంచి బసవనగుడి ఈతకొలనుకు రోజూ తిప్పడం దండగ, అది శని, ఆదివారాల పని. కంఠీరవ స్టేడియానికి వెళ్లే అథ్లెట్లు కారు మానేసి వైట్‌ఫీల్డ్ నుంచి పర్పుల్ లైన్ మెట్రోలో కబ్బన్ పార్క్ స్టేషన్‌కు వస్తే, ఎంత సేపు పడుతుందో ముందే తెలుస్తుంది.

ఈ వయసుకు రోజూ ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. ఎనిమిదికి తక్కువ పడుకునే స్కూలు క్రీడాకారుల్లో దెబ్బలు 1.7 రెట్లు ఎక్కువని 2014లో వచ్చిన ఒక అమెరికా పరిశీలన తేల్చింది. రాత్రి తొమ్మిదిన్నర దాకా ఆన్‌లైన్ ట్యూషన్ ఉన్న పిల్లవాడు పదిన్నరకు ముందు నిద్రపోడు. పొద్దున ఐదింటికి ప్రాక్టీసుకు లేపితే దొరికేది ఆరున్నర గంటలు. కాబట్టి రాత్రి ట్యూషన్ ఉన్న రోజు మర్నాడు పొద్దున ప్రాక్టీసు పెట్టుకోవద్దు, టైంటేబుల్ వేసేటప్పుడు ముందు ఈ రెండిటినీ విడదీయండి. మన తెలుగువాళ్లకు ఇంకో చిక్కుంది. పండక్కో పెళ్లికో విజయవాడ, కర్నూలు వెళ్లి ఆదివారం రాత్రి బస్సెక్కి సోమవారం తెల్లవారి సిల్క్ బోర్డులో దిగుతాం. పిల్లవాణ్ని అటునుంచి అటే స్కూలుకు పంపినా, ఆ సాయంత్రం ఆటకు మాత్రం పంపకండి. బస్సులో పట్టింది నిద్ర కాదు.

తిండి విషయంలో మన వంటింట్లో లోటు లేదు, వేళల్లోనే లోటు. మధ్యాహ్నం పన్నెండింటికి పెరుగన్నం తిన్నవాడు సాయంత్రం ఐదింటికి ఖాళీ కడుపుతో ఉంటాడు. బేకరీలో పఫ్ తిని కోర్టులోకి దిగితే నూనె కడుపులోనే ఉండి తేన్పులు వస్తాయి. నాలుగున్నరకు రెండు అరటిపళ్లు, గుప్పెడు వేయించిన శనగలు డబ్బాలో పెట్టండి. ఆట అయ్యాక గంటలోపు అసలు భోజనం. బాగా ఆడే 50 కిలోల పిల్లలకు రోజుకు 60 నుంచి 80 గ్రాముల మాంసకృత్తులు కావాలి. గుడ్డులో 6 గ్రాములు, కప్పు ముద్దపప్పులో 8 దాకా, పెద్ద కప్పు పెరుగులో 6, 7 ఉంటాయి. రసం, అన్నంతో ఆ లెక్క నిండదు. స్కూలు టాయిలెట్‌కు వెళ్లడం ఇష్టం లేక పగలంతా నీళ్లు తాగని ఆడపిల్లలు చాలామంది. ఆటకు ముందు, తర్వాత బరువు చూస్తే అరకిలో తగ్గినచోట ముప్పావు లీటరు తాగాలి. ఆటలాడే అమ్మాయికి నెలసరి వరుసగా మూడు నెలలు రాకపోయినా, పదిహేనేళ్లు వచ్చినా మొదలు కాకపోయినా అది "ఆడుతోంది కదా, మామూలే" అని వదిలేసే సంగతి కాదు. తింటున్నది చాలడం లేదని అనుమానించి వైద్యురాలికి చూపించాలి.

జూన్‌లోనే ఏడాది క్యాలెండర్ ఒకటి గోడకు తగిలించండి. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీల్లో 14, 17, 19 ఏళ్ల లోపు విభాగాలుంటాయి, వయసు డిసెంబరు 31 నాటికి చూస్తారు. కర్ణాటకలో తాలూకా, జిల్లా, డివిజన్, రాష్ట్రం అని మెట్లు. తాలూకాలో గెలిస్తే పై మెట్టుకు రెండు మూడు వారాలే గడువు ఉండొచ్చు, ఆ సందులో అకాడమీ ర్యాంకింగ్ టోర్నీ పడితే ఏది వదలాలో ముందే అనుకుని ఉండాలి. ప్రతి మూడు నెలలకు ఒక్క ఆటకే పెద్దపీట వేయండి, మిగిలినవి చెయ్యి మరిచిపోకుండా ఆడేవి. వారంలో ఒక రోజు ఏ ఆటా లేకుండా, ఏడాదిలో రెండు మూడు నెలలు ఒక్కో నెల చొప్పున పెద్దపీట ఆట లేకుండా ఉండాలి.

పదో తరగతికి వచ్చేసరికి చాలామంది నవంబరులో అన్నీ ఆపేస్తారు. సీబీఎస్ఈ మొదటి పరీక్షలు ఫిబ్రవరి మధ్యలో, 2026 నుంచి మార్కులు పెంచుకోవాలనుకునేవాళ్లకు మే నెలలో రెండోసారి. అంటే నాలుగైదు నెలలు కుర్చీలో కూర్చున్న పిల్లవాడు పరీక్షలయ్యీ కాగానే వేసవి శిబిరంలో రోజుకు రెండు పూటలా దిగుతాడు. మాకు గిరాకీ ఎక్కువయ్యేది సరిగ్గా అప్పుడే. నవంబరు నుంచి వారానికి మూడు రోజులు, ముప్పావు గంట చొప్పున ఒక ఆటను కొనసాగనివ్వండి, చదువుకు నష్టం లేదు. ఆపేసి ఉంటే, తిరిగి మొదలెట్టిన మొదటి వారం పాత భారంలో సగం, రెండో వారం మూడింట రెండొంతులు, మూడో వారం ఎనభై శాతం, నాలుగో వారానికి పూర్తి. శిబిరం ఫీజు మొదటి రోజు నుంచే కట్టాం కదా అని ఈ వరుస తప్పించకండి.

హాజరు గురించి ఒక్క మాట. సీబీఎస్ఈలో 75 శాతం ఉండాలి. జాతీయ, అంతర్జాతీయ పోటీలకు వెళ్లినవాళ్లకు మినహాయింపు దొరుకుతుంది గానీ కాగితాలుండాలి. పోటీకి ముందు అనుమతి లేఖ, వచ్చిన వారంలోపే పాల్గొన్న సర్టిఫికెట్ నకలు స్కూలు ఆఫీసులో ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం చేయించుకోండి. ఫిబ్రవరిలో వెతుక్కునే పని ఉండదు.

చివరగా అకాడమీలకు, స్కూళ్లకు మా విన్నపం. ప్రవేశ ఫారంలో నాన్నగారి ఉద్యోగం దాకా అడుగుతున్నారు. అక్కడే ఇంకో గడి పెట్టండి: "ఇంకా ఏమేం ఆడుతున్నారు, వారంలో ఏయే రోజులు, ఎన్ని నిమిషాలు". పోటీల నెలలో రోజూ ప్రాక్టీసు పెట్టే ముందు ఆ గడి ఒకసారి చదివి, బయట అకాడమీకి వెళ్లే పిల్లలకు ఆ కోచ్ పేరిట రెండు వాక్యాల చీటీ రాసి పంపితే చాలు. ఫలానా వారం మా దగ్గర ఇన్ని నిమిషాలు, మీ దగ్గర తగ్గించండి అని. తల్లిదండ్రులు అడిగితే మొహమాటమని ఊరుకునే కోచ్‌లు, సాటి కోచ్ రాస్తే కాదనరు.

ఇట్లు,
హైస్కూలు క్రీడాకారులతో పనిచేసే కొందరు తెలుగు వ్యాయామ ఉపాధ్యాయులు, కోచ్‌లు, ఫిజియోథెరపిస్టులు,
బెంగళూరు